విరగని బ్రాకెట్

వదినకు ముక్కు మీద కోపం. కొండదారి ఎక్కబోయే ప్రతి బండివాడికీ ఆ సంగతి తెలుసు. దారి మొదట్లో రేకుల షెడ్డు ఒకటి ఉంటుంది. దాని ముందు నూనె మరకలు పట్టిన సిమెంటు గచ్చు, గచ్చు మీద ముక్కాలిపీట, ఆ పీట మీద నల్లద్దాల కళ్ళజోడు నుదుటి పైకి తోసుకుని కూర్చున్న నడివయసు ఆడమనిషి. ఆమే వదిన. న్యాయంగా అయితే ఆమెను అలా పిలవాల్సింది ఆమె మరిది ఒక్కడే. వాడు పిలవగా విని పక్కనున్న టైర్లకొట్టు ఆయన పిలిచాడు, ఆయన నుంచి లారీ డ్రైవర్లకు పాకింది. ఇప్పుడు ఆమె తండ్రి వయసున్న ముసలాళ్ళు కూడా "వదినా, కాస్త ఈ అతుకు సంగతి చూడమ్మా" అంటూ వస్తారు. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో.

కోపమంటే అలాంటిలాంటి కోపం కాదు. ఒకసారి ఎవడో షోకిల్లారాయుడు ఆమె అతికిన ముక్కను గోటితో గీకి చూసి, "ఆడవాళ్ళ అతుకు కదా, ఆగుతుందంటారా?" అన్నాడు. వదిన సుత్తి అందుకుని ఆ ముక్క మీద ఒక్కటిచ్చింది. ప్లాస్టిక్కు అడ్డంగా చీలింది, అతికిన చోటు మాత్రం చెక్కుచెదరలేదు. "నా అతుకు ఆగింది. నీ కంపెనీవాడి ముక్కే ఆగలేదు. ఇక దయచెయ్యి" అని పీట మీద కూర్చుంది. వాడు చీలిన ముక్కలు ఏరుకుని పోయాడు.

ఆ దారిన పోయేవి ఎక్కువగా దూరప్రయాణాల పెద్ద మోటారుసైకిళ్ళు. గాలి ఛాతీకి కొట్టకుండా వాటి ముందు భాగానికి పెద్ద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఫెయిరింగ్ అంటారు. అంత తొడుగునూ బండికి పట్టి ఉంచేవి జానెడేసి ఇనప బ్రాకెట్లు, తొడుగు వెనకాల చెవుల్లాంటి ప్లాస్టిక్ పట్లు. చూడటానికి ఏనుగంత బండి, నిలబడేది మాత్రం ఈ చెవుల మీద. రోడ్డు గతుకులకూ ఇంజను వణుకుకూ ముందు విరిగేవి ఇవే. వదిన పొట్ట పోసుకునేదీ వీటి మీదే.

పని నేర్పింది మొగుడు. ఆయనకు ఇంజను సంగతులు కరతలామలకం గానీ వెల్డింగు పట్టుకుంటే చెయ్యి వణికేది. కొత్తగా కాపరానికొచ్చిన రోజుల్లో ఆ అవస్థ చూడలేక, "ఇటివ్వండి, మీరు అతుకుతున్నారో చిల్లులు పెడుతున్నారో తెలియట్లేదు" అని లాక్కుంది. ఆమె మొదటి అతుకు పిట్ట రెట్ట వేసినట్టు వచ్చింది. మొగుడు నవ్వలేదు. ఆయన దేనికీ నవ్వడు, దేనికీ తిట్టడు, నోట్లో నాలుక లేని మనిషి. ముంజేతుల నిండా కాలిన మచ్చలు పడేసరికి వదిన చేతికి ఆ దారిలో తిరుగు లేకుండా పోయింది.

ఆమె పద్ధతి ఆమెది. పగులు కనిపిస్తే వెంటనే అతకదు. అది ఎక్కడ ఆగిందో వెతికి, దాని కొసన సన్నని చిల్లు వేస్తుంది, ఇంకా పాకకుండా. తర్వాత పగులు పొడుగునా గాడి తీసి, వెనక స్టీలు వల పరిచి, ప్లాస్టిక్ కరిగించి నింపుతుంది. ఆ కరిగించే ప్లాస్టిక్కు బయట కొన్నది కాదు. అదే బండి విరిగిన ముక్కలు, బండికో పాత బిస్కెట్ల డబ్బాలో దాచి పెడుతుంది. "ఏ బండి ముక్క ఆ బండికే అతుక్కుంటుంది. పరాయిది పెడితే పైకి అతికినట్టే ఉంటుంది, లోపల అతకదు" అనేది.

ఆ డబ్బాల్లో ఎప్పుడూ నిండుగా ఉండేది ఒక్కటే, చిన్నోడి బండిది.

చిన్నోడంటే మరిది. పేరుకే చిన్నోడు, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు. వదిన కాపరానికొచ్చినప్పుడు వాడు బడికి పోయే పిల్లాడు. తల్లి లేనివాడని అన్నం కలిపి నోట్లో పెట్టి పెంచింది. పెరిగి పెద్దవాడై, కొండ మీదికి షికారు వెళ్ళే బండ్ల గుంపులకు ముందుండి దారి చూపే పనిలో కుదిరాడు. దానికి పెద్ద బండి కొన్నాడు. ఆ బండంటే ప్రాణం. కానీ కోపం వస్తే ఆ ప్రాణాన్నే తన్నేవాడు. ఇంట్లో ఏదో మాట పట్టింపు రావడం, వాడు విసురుగా బయటికి రావడం, బండి ఎడమ పక్కన బూటుకాలితో దబదబా తన్నడం, బ్రాకెట్టో చెవో టప్పున విరగడం. అది విరగగానే కోపం దిగిపోయేది. తెల్లారేసరికి, "వదినా, కొంచెం చూడవా, పదింటికి గుంపు వస్తుంది" అని పిల్లిలా వచ్చి నిలబడేవాడు.

వదిన నానా చీవాట్లూ పెట్టి బాగుచేసి ఇచ్చేది. చెప్పొద్దూ, లోలోపల ఆమెకు అదో నిశ్చింత. వాడి పెళ్ళికి పిల్లను వెతికింది ఆమే. పిల్ల తల్లి మంచంలో ఉండి, "అబ్బాయికి కోపం ఎక్కువంటున్నారమ్మా" అని భయపడితే, వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని, "కోపం నాకూ ఉంది. మావాడు నాలాగే, వస్తువు మీద చూపిస్తాడు తప్ప మనిషి మీద చెయ్యెత్తడు. మీ పిల్లకు నాదీ పూచీ" అని మాటిచ్చింది. ఆ తల్లి ఆ మాట నమ్మి కన్ను మూసింది. అందుకే బ్రాకెట్ విరిగిన ప్రతిసారీ వదిన, "పోనీలే, బండి విరిగింది, పిల్ల క్షేమం" అనుకునేది. మొగుడిదీ అదే మాట. "వాడిది పాలపొంగు. బండి మీద పోతుంది, ఇంట్లోకి రాదు" అనేవాడు. ఆయన నోరు తెరిచి చెప్పే మాటలే తక్కువ, అందులో ఇదొకటి.

ఎంత తెలివైన వాళ్ళండీ ఇద్దరూ. బోల్టు మర తిప్పి చూసి ఎన్ని మైళ్ళు తిరిగిందో చెప్పేవాళ్ళకు పక్క గోడ అవతల ఏం జరుగుతోందో తెలియలేదు.

షెడ్డు వెనక రెండు వాటాలు. ఒక దాంట్లో వదినా మొగుడూ, రెండో దాంట్లో చిన్నోడూ వాడి భార్యా. ఆ పిల్ల సన్నగా, నెమ్మదిగా ఉండేది. వదినను నోరారా అక్కా అనేది. మండే ఎండల్లో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకునేది. "ఏమే చెల్లీ, రేకుల కింద మేమంతా ఉడికిపోతుంటే నీకొక్కదానికే చలా?" అని వదిన ఆటపట్టిస్తే ఆ పిల్ల నవ్వి ఊరుకునేది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే వదినకు తన నాలుక తనే కోసుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడాది వర్షాలు వెలిశాక చిన్నోడి బ్రాకెట్ వరసగా విరగడం మొదలైంది. అతికిన చోట మళ్ళీ అతకడానికి ఇనుము మిగల్లేదు. వదినకు ఒళ్ళు మండింది. "వీడి కాలు గట్టిదో నా చెయ్యి గట్టిదో తేల్చేస్తా" అని పాత లారీ చాసిస్ ముక్క కోసి, దళసరి రేకుతో కొత్త బ్రాకెట్ కొట్టింది. మూలకు ముక్కోణపు ఆసరా పెట్టి రెండు వైపులా వెల్డు దింపింది. ప్లాస్టిక్ చెవుల వెనక వల రెండు పొరలు వేసి అల్యూమినియం పట్టీ బిగించింది. పూర్తయ్యాక బండిని పట్టుకుని ఊపితే మొత్తం బండి ఊగింది గానీ బ్రాకెట్ కదల్లేదు. మొగుడు వంగి చూసి, "మరీ ఎక్కువ చేశావేమో" అన్నాడు.

"చెయ్యనీండి. ఈసారి తంతే విరిగేది వాడి కాలే" అంది వదిన.

రెండు రోజులు గడిచాయో లేదో, చీకటి పడుతుండగా చిన్నోడి వాటా తలుపు ధడాలున తెరుచుకుంది. వదిన షెడ్డులో సామాను సర్దుతోంది. గోడ అవతల దబ్బుమని మొదటి తన్ను. టప్పుమనలేదు. రెండోది. మూడోది. బూటు జారిన చప్పుడు, వాడి బూతు. వదినకు నవ్వాగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "తన్నరా నాయనా, తన్ను" అనుకుంది. తన్నులు ఆగాయి. తలుపు మళ్ళీ ధడాలుమంది. అప్పుడే రోడ్డు మీద కంకర లారీలు వరసగా వచ్చాయి, ఇక ఏమీ వినబడలేదు.

పొద్దున్నే వదిన తన గెలుపు చూసుకోవడానికి వెళ్ళింది. ఫెయిరింగ్ మీద బూటు గీతలు, బ్రాకెట్ మాత్రం పోతపోసినట్టు నిలబడి ఉంది. కాలు కుంటుకుంటూ చిన్నోడు టీ కొట్టు వైపు పోతున్నాడు. ఆ సంబరం చెల్లికి చెబుదామని, "చూశావుటే, నీ మొగుడి కాలు..." అంటూ తలుపు తోసింది.

ఆ పిల్ల గోడకు ఆనుకుని నేల మీద ఉంది. ఎడమ కన్ను పూడుకుపోయింది. పెదవి చీలి, గడ్డం మీద రక్తం ఎండి నల్లగా అట్టకట్టింది. కుడి ముంజెయ్యి మధ్యలో వంగకూడని చోట వంగి ఉంది. పక్కనే చిన్నోడి హెల్మెట్ దొర్లి ఉంది, దాని అంచుకు జుట్టు అంటుకుని ఉంది.

వదిన అక్కడే కూలబడి ఆ పిల్ల తల ఒళ్ళోకి తీసుకుంది. "ఎప్పుడూ లేనిది ఇదేంటే తల్లీ. బండినే కదే తన్నేవాడు. నేను దాన్ని విరగకుండా చేశాననా? అందుకు నీ మీద పడ్డాడా?"

ఆ పిల్ల చీలిన పెదవి తడుపుకుంది. "ఎప్పుడూ ముందు నేనే అక్కా. బండి తర్వాత."

వదినకు అర్థం కాలేదు.

"నన్ను కొట్టాకే బయటికెళ్ళి దాన్ని తంతాడు. అది టప్పుమంటే ఇక అయిపోయిందని నేను లేచి మొహం కడుక్కునేదాన్ని. నిన్న అది టప్పుమనలేదు. మళ్ళీ లోపలికొచ్చాడు. హెల్మెట్టు అందింది. ఇదే చెయ్యి అడ్డం పెట్టాను, తలుపు సందులో పెట్టి నొక్కాడు."

"నాకు చెప్పకూడదుటే?"

"నువ్వు బాగుచేసి ఇచ్చేస్తావు కదక్కా. అంతా మామూలే అనుకుంటున్నావనుకున్నా."

 వదిన ఆ పిల్ల జాకెట్టు చెయ్యి పైకి తోసింది. పచ్చవి, నీలివి, నల్లవి, ఒకదాని మీద ఒకటి. చూడగలిగినంత చూసింది. తర్వాత లేచి, తలకింద దిండు పెట్టి, "కదలకు. చిటికెలో వస్తా, ఆస్పత్రికి పోదాం" అని బయటికొచ్చింది.

షెడ్డు ముందు చిన్నోడు బండి స్టాండు వేసి నిలబడి ఉన్నాడు. మొగుడు అప్పుడే రేకు తలుపు పైకెత్తుతున్నాడు.

"వదినా, ఎడమ పక్క ఏదో కిర్రుమంటోంది, కాస్త బిగించి ఇయ్యి. గుంపు వచ్చేస్తుంది" అన్నాడు చిన్నోడు, ఏమీ ఎరగనట్టు.

వదిన పీట లాక్కుని బండి పక్కన కూర్చుని, ఎప్పటిలాగే పానాతో బోల్టులు ఒక్కొక్కటే విప్పింది. బ్రాకెట్ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది. "చెల్లికి ఏమైందిరా?" అంది.

"జారిపడింది. దానికి కళ్ళు నెత్తికెక్కి..."

మాట పూర్తి కాలేదు. వదిన బ్రాకెట్ పీట మీద పెట్టి లేచి, సుత్తి తీసి ఫెయిరింగ్ మీద కొట్టింది. ముందు అద్దం భళ్ళుమంది. రెండో దెబ్బకు ఎడమ చెవులు రెండూ ఎగిరి గచ్చు మీద పడ్డాయి. తన చేత్తో పరిచిన స్టీలు వల నరాల్లా బయటికొచ్చింది. మొగుడు పరిగెత్తుకొచ్చి, "పిచ్చి పట్టిందా నీకు" అని రెక్క పట్టుకున్నాడు. వదిన విదిలించుకుని, లోపల అలమార మీది బిస్కెట్ల డబ్బా తెచ్చి ఆయన కాళ్ళ ముందు బోర్లించింది. విరిగిన ముక్కలు గలగలా కుప్పపడ్డాయి.

"ఇది బండి సంగతి కాదయ్యా. ఇందులో ఎన్ని ముక్కలుంటే అన్నిసార్లు ఆ పిల్లను కొట్టి వచ్చాడు వీడు. వెళ్ళి నీ మరదల్ని చూసి రా. చూశాక నన్ను ఆపుదువుగాని."

ఆయన తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు చూపు తప్పించాడు. ఆయన లోపలికి వెళ్ళాడు.

వదిన మళ్ళీ సుత్తి ఎత్తింది. చిన్నోడికి కోపం నసాళానికంటింది. "నా బండి మీద చెయ్యి వేస్తావా" అంటూ ఆమె జుట్టు పిడికిట పట్టి వెనక్కి లాగాడు. సుత్తి చేజారి దూరంగా పడింది. రెండో చేత్తో మొహం మీద గుద్దాడు. ముక్కులోంచి వెచ్చగా కారి నోట్లో ఉప్పగా తగిలింది. తను అన్నం ముద్దలు పెట్టి పెంచిన చెయ్యే మళ్ళీ పైకి లేవడం వదిన చూసింది. తడుముకుంటే పీట మీది బ్రాకెట్ చేతికి అందింది. దాంతోనే శక్తికొద్దీ కొట్టింది, ఆ మణికట్టు మీద. ఎండు కట్టె విరిగిన చప్పుడు. చిన్నోడు జుట్టు వదిలేసి, వేలాడుతున్న చెయ్యి పట్టుకుని ఊళవేశాడు. అయినా ఆగలేదు, తలతో కుమ్మడానికి మీదికొచ్చాడు. వదిన పక్కకు జరిగి మోకాలి చిప్ప మీద ఇంకొకటి వేసింది. వాడు బండి మీద పడ్డాడు, బండితో సహా గచ్చు మీద పడ్డాడు.

మూడోది తల మీదికి ఎత్తింది. ఎత్తిన చెయ్యి వెనక నుంచి ఎవరో పట్టుకున్నారు. మొగుడు. ఆయన మొహం నిండా నీళ్ళు. "చాలు. నువ్వు జైలుకెళ్తే ఆ పిల్లకెవరున్నారు" అన్నాడు. బ్రాకెట్ ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు. తర్వాత వెళ్ళి, జీవితంలో ఎవరినీ ఒక్క మాట అనని ఆ మనిషి, తమ్ముడి ఛాతీ మీద కూర్చున్నాడు. వాడు గింజుకున్నాడు, అన్నయ్యా అని బతిమాలాడు, బూతులు తిట్టాడు. టైర్లకొట్టు ఆయన పిలిపించిన పోలీసులొచ్చేదాకా ఆయన లేవలేదు.

వదిన రక్తం తుడుచుకుంటూ పక్కనున్న బ్రాకెట్ మళ్ళీ తీసి తిప్పి చూసుకుంది. వెల్డు దగ్గర పగులు కాదు కదా, గీత కూడా లేదు. ఆ క్షణంలో కూడా అది చూసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

షికారు గుంపు వచ్చి అంతా చూసి మరో దారిచూపేవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. టైర్లకొట్టు ఆయన వ్యానులో ఆ పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడే ఆ పిల్ల పోలీసులకు అంతా చెప్పింది. ఆగి ఆగి చెప్పినా అంతా చెప్పింది. పక్కనుండి వదిన మొగుడు కూడా తమ్ముడి మీద సాక్ష్యం రాసిచ్చాడు. కేసు నడుస్తోంది. చిన్నోడు బెయిలు మీద బయటికొచ్చి ఊరవతల ఎక్కడో ఉంటున్నాడు. బండి మొహానికి తొడుగు చేయించుకోవాలని దారి పొడుగునా షెడ్డులన్నీ తిరిగాడట. "వదిన ముట్టని బండి మేం ముట్టం" అన్నారట అందరూ. ఒకరోజు రోడ్డుకు అటువైపు వచ్చి నిలబడి, పెళ్ళాంతో ఒక్క మాట మాట్లాడాలన్నాడు. వదిన మొగుడు టైరు విప్పే ఇనప కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.  చిన్నోడు వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల ఇప్పుడు వదిన వాటాలో ముందు గదిలో ఉంటోంది. షెడ్డుకూ ఆ గదికీ ఒకటే గోడ. ఆస్పత్రి నుంచి తెచ్చిన మర్నాడు వదిన పనిలో కూర్చుని, వంకరపోయిన రేకు దాగలి మీద పెట్టి సుత్తితో ఒక్కటి కొట్టిందో లేదో లోపల గిన్నె పడిన చప్పుడైంది. పరిగెత్తి చూస్తే ఆ పిల్ల బియ్యం డబ్బా వెనక మూలలో కూర్చుని, పిండికట్టు చెయ్యి తల మీద అడ్డం పెట్టుకుని వణుకుతోంది. వదిన వెళ్ళి పక్కన కూర్చుంది. తన పూచీ గుర్తొచ్చింది. ఆ మంచంలోని తల్లి చెయ్యి తన చేతిలో ఎంత తేలిగ్గా ఉందో గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి వదిన సుత్తి ఎత్తే ముందు గోడ వైపు తిరిగి, "చెల్లీ, సుత్తి కొడుతున్నానే" అని కేక వేస్తుంది. ఒక్కసారి చెప్పి ఊరుకోదు. ప్రతి దెబ్బకూ చెబుతుంది. గంటలో అయ్యే పని పూటంతా పడుతోంది. "ఏంటి వదినా, సుత్తికి కూడా అనుమతి కావాలా?" అని టైర్లకొట్టు ఆయన ఒకసారి హాస్యమాడబోయి, ఆమె చూసిన చూపుకు తన టైర్లలోకి తను దూరిపోయాడు. పుట్టి బుద్ధెరిగి ఎవరినీ అడిగి ఏ పనీ చెయ్యని మనిషి, కేక వేసి, కాసేపు ఆగి, లోపల అలికిడి లేదని చూసుకుని అప్పుడు కొట్టేది. లోపల నుంచి ఎప్పుడూ జవాబు లేదు.

పిండికట్టు విప్పిన వారం ఎవరిదో పెద్ద బండి వచ్చింది. ఎడమ బ్రాకెట్ మెలితిరిగిపోయింది. వదిన దాన్ని ఎర్రగా కాల్చి దాగలి మీద పెట్టింది. ఇనుము చల్లారితే వంగదు, తొందరగా కొట్టాలి. అయినా సుత్తి పైకెత్తి గోడ వైపు తిరిగింది. "చెల్లీ, సుత్తి."

ఆగింది. ఎరుపు తగ్గుతోంది.

"కొట్టక్కా" అని లోపల నుంచి వినబడింది.

వదిన కొట్టింది.